గాజుపలకలపై నిత్యజీవనము: ప్రొకూదిన్-గోర్‌స్కీ వర్ణచిత్రముల విమర్శనము

శాసనములందు దానములు, విజయములు కలవు. కావ్యములందు పురవర్ణనలు, ఋతువర్ణనలు కలవు. కాని యొక సామాన్య గృహస్థు ప్రొద్దున లేచి యేమి చేసెను, సంతలో బేర మెట్లు జరిగెను, పిల్లలు వీథిలో నెట్లు నిలుచుండిరి అను విషయములు వీనిలో ప్రాసంగికముగా దక్క దొరకవు. అందుచేత పాత ఛాయాచిత్రములు, అందును మాజిక్ లాంతరుతో తెరపై జూపుటకై చేసిన గాజు స్లైడులు లభించినచో చరిత్రకారులు పెన్నిధి దొరకినట్లు సంతోషింతురు. కవి కల్పించును, యంత్రము కల్పింపదు అని వారి నమ్మకము. ఈ నమ్మక మెంతవఱకు నిలుచునో యొక ప్రసిద్ధ సంచయమును బట్టి విచారించుట యీ వ్యాసమునకు ప్రయోజనము.

ఆ సంచయము రష్యా దేశమునకు జెందినది. సెర్గేయ్ ప్రొకూదిన్-గోర్‌స్కీ (1863–1944) రసాయనశాస్త్రమున నిపుణుడు. 1902లో బెర్లినునకు బోయి ఆడొల్ఫ్ మీథె యొద్ద వర్ణచిత్రణమును నేర్చెను. 1908లో టాల్‌స్టాయి మహాశయుని వర్ణచిత్రమును దీసి ఖ్యాతి గాంచెను. 1909 మే నెలలో రెండవ నికొలస్ చక్రవర్తి సన్నిధిని తన స్లైడులను ప్రదర్శింపగా, ఆయన మెచ్చి, చీకటిగది యమర్చిన రైలుపెట్టె నొకదానిని, నిషిద్ధప్రాంతములందును సంచరించుటకు అనుమతిపత్రములను ఇప్పించెను. అది మొదలు 1915 వఱకు ఉరాలు పర్వతములు మొదలుకొని సమర్ఖండు, బుఖారా వఱకు నతడు తిరిగెను. విప్లవానంతరము 1918లో దేశమును విడిచి, తుదకు పారిసులో మరణించెను. అతని కుమారుల వలన 1948లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయము కొన్న నెగటివులు 1,902. తెరపై జూపిన స్లైడులు చాలవఱకు నశించినను, వానికి మాతృకలైన యీ పలకలు మిగిలినవి.

ఇతని పద్ధతి తెలిసిననే గాని తక్కిన విచారణ బోధపడదు. ఇప్పటివలె ఒక ఫిల్ముపై సర్వవర్ణములును పడుట కాదు. మూడంగుళముల వెడల్పు, తొమ్మిదంగుళముల పొడవు గల గాజుపలకపై నొకదాని క్రింద నొకటిగా మూడు చిత్రములు తీయవలెను: మొదటిది నీలపు అద్దము గుండ, రెండవది ఆకుపచ్చని అద్దము గుండ, మూడవది ఎఱ్ఱని అద్దము గుండ. మూడును నలుపు తెలుపులే. వానినుండి పారదర్శకమైన ప్రతిని దీసి, మూడు కటకములు గల లాంతరులో నిడి, ఆ వర్ణముల యద్దముల గుండనే వెలుగును బంపినచో, మూడు బింబములు తెరపై నొకదానిపై నొకటి గూడి సహజవర్ణములు కానవచ్చును. మూడు చిత్రములును ఒక్కసారి తీసినవి కావు, ఒకదాని వెంట నొకటి తీసినవి. ఆ నడిమి కాలము క్షణమే యైనను మనకు మిక్కిలి ముఖ్యము.

ముందుగా చిత్రములందు కనబడునదేమో చూతము. కిరీల్లొవు పట్టణ సమీపమున, షెక్స్నా నదీతీరపు పల్లెలో కొయ్యయింటి యెదుట ముగ్గురు కన్యలు పండ్ల పళ్లెరములు పట్టుకొని నిలిచిరి. చెర్నిగొవు జలద్వారమును కాయుచు అఱువదియాఱు సంవత్సరములు కొలువు చేసిన యెనుబది నాలుగేండ్ల వృద్ధు డొకడు నిలిచెను. సమర్ఖండు బజారులో బట్టల వర్తకుడు పట్టు, నూలు, ఉన్ని గుడ్డల నడుమ గూర్చుండెను; అతని అంగడి పైభాగమున చట్రము గట్టిన ఖురాను పుట వ్రేలాడుచున్నది. ఆ ప్రదేశముననే ఖర్బూజాలు కుప్పలు వోసిన యంగడి మఱియొకటి. చూచువారికి నూఱేండ్లు గడచినవని తోపదు. ఈ మోహము సహజమే గాని పండితుడు దీనియందు చిక్కుకొనరాదు. వీరందఱును కదలవద్దని చెప్పగా నిలిచినవారు. పండ్ల పళ్లెరములు అతిథి యెదుట చాపినవి, ఇంటిలో తినుటకు పట్టినవి కావు. ఉరాలులోని బకాల్ ఇనుపగని చిత్రములో పారలు పట్టిన కుటుంబము కలదు. ఆ చిత్రము పనిని చూపుచున్నదని చెప్పుట కంటె పనిముట్లను చూపుచున్నదని చెప్పుట యుచితము. పని యనగా చలనము. ఈ యంత్రము చలనమును సహింపదు. మన కవులకు అష్టాదశవర్ణనల నియమ మెట్టిదో, ఈ చిత్రకారునకు నిశ్చలత్వము అట్టిది. యంత్రమునకును కవిసమయ మున్నదన్నమాట.

అయినను నియమము తప్పినచోట్లు కలవు. మూడు క్షణములలో ఎవరైన చేయి కదల్చినచో ఆ చేయి మూడు చిత్రములందు మూడు చోట్ల బడును. కూర్చినపు డది ఎఱుపు, పచ్చ, నీలము నీడలుగా విడిపోవును. ప్రవహించు నీరు ఇంద్రధనుస్సువలె చీలును. పొగయు అట్లే. బుఖారా అమీరు ఆలిం ఖాన్ 1911 నాటి చిత్రమున నీలపు పూలయంగీతో గూర్చుండినపుడు దేహమున అట్టి చీలిక కన్నున కగపడదు. నిశ్చలముగా గూర్చుండుట ఆయన కొలువులో నిత్యకృత్యము గదా! గుంపుగా నిలిచిన పల్లెటూరి జనము చిత్రించిన పలకలందో, అందును బాలురున్నచోట, ముఖముల చుట్టును, వ్రేళ్ల కొనలను ఈ రంగుల యంచులు కనబడుచుండును. చిత్రకారుడు దీనిని దోష మనును. నాకు మాత్రము ఈ సంచయమంతటను నిత్యజీవనము నిక్కముగా పట్టుబడిన తావు లివియే యని తోచుచున్నది. నిలువుమని చెప్పినను నిలువలేని పిల్లవాని తల తిరుగుట ఎవ్వరును ఏర్పాటు చేసినది కాదు.

ఇక పాఠపరిష్కరణ విషయము. ఈ పలకలకు నేడు రెండు విధములైన ముద్రణములు కలవు. 2001 నాటి ప్రదర్శనమునకై 122 చిత్రములను ఎన్నుకొని, వాల్టర్ ఫ్రాంక్‌హౌసర్ అను నిపుణుడు కంప్యూటరుపై కూర్చి, అంచులు కత్తిరించి, మరకలు తుడిచి, వెలుగునీడలు సవరించెను. 2004లో బ్లేజ్ అగుయెరా ఇ అర్కాస్ రచించిన గణనవిధానముచే 1,902 పలకలును యంత్రముననే కూర్పబడినవి. వీనిలో చేతి సవరణలు లేవు. మొదటిది మన పండితులు సిద్ధపఱచు శుద్ధప్రతి వంటిది. రెండవది యథామాతృకగా వ్రాసికొన్న ప్రతి వంటిది. మొదటిది కంటికింపు. గోడలకు దానిని దగిలించుట సమంజసమే. పరిశోధకునకు మాత్రము రెండవదియే శరణ్యము. ఏలన, మరక యని తుడిచినదానితోపాటు కదలికయు తుడుచుకొనిపోవు నపాయ మున్నది.

మనవారికి ఇది క్రొత్త చిక్కు గాదు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' యందు క్రీడాభిరామము, హంసవింశతి, శుకసప్తతి వంటి కావ్యములనుండి జనజీవనమును వెలికి దీసిరి. ఆ మార్గ మమూల్యము. దాని ననుసరించువారు హంసవింశతిలోని వస్తువుల పట్టికలను జూచి, పేరున్న ప్రతి వస్తువును ఇంటింట నుండెనని తలచినచో, పండ్ల పళ్లెరము పట్టిన కన్యలు ప్రతిదినమును ఇంటిముందట అట్లు నిలిచిరని తలచినవా రగుదురు. పట్టిక కవి ప్రౌఢిమను జూపును, వాడుకను రుజువు చేయదు. లాక్షణికుడు గ్రామ్యమని మందలించు పదము, నోట నుండి జాఱిన క్రియారూపము, ఇవి మన కావ్యములందలి రంగుటంచులు. గిడుగు రామమూర్తి పంతులుగారు 'గద్యచింతామణి'లో పాతవచనము నుండి అట్టి రూపములనే యేర్చి చూపిరి. వ్యాకరణమునకు లోబఱచి తాళపత్రపాఠమును దిద్దిన ముద్రాపకుడు చేయునది శుద్ధి కావచ్చును. పాఠాంతరమును అడుగున జూపక దిద్దుట మాత్రము సాక్ష్యమును చెఱుపుటయే.

దోషమెల్ల సాక్ష్యమే యని దీనికి అర్థము కాదు. పలకపై పూత ఊడిన చోటులు, గీతలు కూడ రంగుమచ్చలుగానే కనబడును. వీనిని వేఱుపఱచుటకు ఉపాయము పలకయందే యున్నది. గీత మూడు చిత్రములలో ఒకదానియందే యుండును, కూర్చినపు డొక్క రంగే చూపును. కదలినచేయి మూడింటను ఉండును, కాని చోటు మాఱును. ఒక ప్రతిలోనే కనబడు తప్పును లేఖకదోష మనియు, ప్రతులన్నిటను ఏదో రూపమున నుండి మాఱుచుండు పాఠమును విచారణీయ మనియు మనము సాధారణముగా భావించుట కిది సరిపోలియున్నది. అందుచేత కూర్చిన వర్ణచిత్రము నొక్కదానినే చూచి నిర్ణయములు చేయువారు, మూడు నలుపు తెలుపు చిత్రములను విడివిడిగా పరికింపక చేసినచో, ప్రమాదమున బడుదురు.

మఱియు ఈ పలకలందు లేనిదానిని గూర్చియు నొక మాట. వెలుగు చాలనిచో ఈ యంత్రము పని చేయదు. రాత్రి భోజనము, పొగచూరిన వంటయిల్లు, రోగి పడక ఇందు వెదకినను దొరకుట అరుదు. పగటి వెలుతురులో ఇంటి వెలుపల జరుగునదే యిందలి లోకము. స్త్రీల జీవనములో పెద్ద భాగము దీనికి వెలియైనది. లాంతరు ప్రక్కన నిలిచి చిత్రకారుడు చెప్పిన వ్యాఖ్యానమును మనకు చేరలేదు. చిత్రముల క్రింది పేర్లలో చాలవఱకు అతని ఆల్బముల వలన తెలియుచున్నవి.

ఆ ఆల్బములందు నెగటివులు దొరకని చిత్రములు వందలకొలది కలవు. అవి మూటిలో నొకదానినుండి మాత్రమే తీసిన ఏకవర్ణపు ప్రతులు. వానిలో పిల్లవాని తల ఒకచోటనే యున్నది. అది తరువాతి క్షణమున ఎటు తిరిగెనో చెప్పవలసిన తక్కిన రెండు చిత్రములును లేవు.