పాత షెవర్లేకి రెండు జంపర్లు

1960ల నాటి షెవర్లే బానెట్ ఎత్తితే రేడియేటర్ దగ్గర రేకుమూత వేసిన చిన్న డబ్బా కనిపిస్తుంది. నాలుగు వైర్ల ప్లగ్గు ఒకటి దానికి తగిలించి ఉంటుంది. అదే వోల్టేజ్ రెగ్యులేటర్. పాత అంబాసిడర్లలో డైనమోతో పాటు ఉండే కటౌట్‌కి దగ్గర చుట్టం. అమెరికాలో ఈ కార్లను ఇంకా రోడ్డు మీద తిప్పుతున్నవాళ్లు చాలామంది ఈ డబ్బాను పక్కనపెట్టి, రెగ్యులేటర్ లోపలే ఉండే ఆల్టర్నేటర్ బిగించుకుంటారు. దశాబ్దాలుగా ఇంటి షెడ్లలో ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటూ వచ్చిన పని ఇది. ఎక్కువ ఆంపియర్ల కోసం చేస్తారని పైకి అనిపిస్తుంది. నా లెక్కలో దాని విలువ అది కాదు.

డైనమో పోయి ఆల్టర్నేటర్ వచ్చినప్పుడు జరిగింది సగం మార్పే. క్రైస్లర్ 1960 వాలియంట్‌తో మొదలుపెట్టింది. జనరల్ మోటార్స్ 1963 మోడల్ కార్లకు డెల్కోట్రాన్ పేరుతో ఆల్టర్నేటర్ ఇచ్చింది. కరెంటు పుట్టించే యంత్రం మారింది కానీ దాన్ని అదుపు చేసే డబ్బాలో మాత్రం డైనమో కాలపు కాయిల్, స్ప్రింగ్, పాయింట్లు అలాగే ఉండిపోయాయి.

ఆ డబ్బా పనితనం ముచ్చటైనదే. ఆల్టర్నేటర్ ఎంత కరెంటు ఇస్తుందన్నది రోటర్ చుట్టలోకి పోయే ఫీల్డ్ కరెంటు మీద ఆధారపడుతుంది. వోల్టేజ్ పెరిగితే కాయిల్ అయస్కాంతమై పైనున్న రేకును లాగుతుంది, కింది పాయింట్లు విడిపోతాయి. ఇక ఫీల్డ్ కరెంటు ఒక రెసిస్టర్ గుండా పోవాలి కాబట్టి తగ్గుతుంది. వోల్టేజ్ పడిపోగానే స్ప్రింగ్ రేకును వెనక్కి లాగి పాయింట్లను మళ్లీ కలుపుతుంది. ఇంజన్ బాగా వేగం పుంజుకున్నప్పుడు రెసిస్టర్ ఒక్కటీ చాలదు. అప్పుడు రేకు ఇంకాస్త కదిలి రెండో జత పాయింట్లను తాకుతుంది, అవి ఫీల్డ్‌ను నేరుగా ఎర్త్ చేసేస్తాయి. ఈ కొట్టుకోవడం కారు నడిచినంతసేపూ సాగుతూనే ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ పాయింట్లు గుంటలు పడతాయి, స్ప్రింగ్ బిగువు మారుతుంది. ఒక కారులో బ్యాటరీ నీళ్లు ఇగిరిపోతాయి, మరో కారులో బ్యాటరీ ఎప్పుడూ అరకొరగానే నిండుతుంది. మూత విప్పి స్క్రూ తిప్పి సరిచేయగల ఓపికా చెవీ ఉన్నవాళ్లు తగ్గిపోయారు.

1970ల మొదట్లో డెల్కో రెమీ వారి 10ఎస్ఐ ఆల్టర్నేటర్ మామూలు కార్లలోకి వచ్చేసరికి ఈ తంతంతా ట్రాన్సిస్టర్ చేతిలోకి పోయింది. అరిగే పాయింట్లు లేవు, బిగించే స్ప్రింగ్ లేదు. అరచేతిలో ఇమిడే రెగ్యులేటర్ ఆల్టర్నేటర్ వెనుక మూతలోనే కూర్చుంది. కార్లకే కాక ట్రాక్టర్లకూ ఫోర్క్‌లిఫ్ట్‌లకూ అదే వాడడంతో విడిభాగాలకు ఈ రోజుకీ కరువు లేదు.

ఇక మార్పిడి. బ్యాటరీ నెగటివ్ వైరు ముందు తీసేయాలి, ఎందుకంటే ఆల్టర్నేటర్ మీద బ్యాట్ అని రాసి ఉన్న బోల్టులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. పాత ఆల్టర్నేటర్ 10డీఎన్‌ను దించి, దాని పుల్లీనే 10ఎస్ఐకి వేసుకుంటే బెల్టు వరస తప్పదు. ప్లగ్గు ఏ పక్కకు రావాలో అటు రాకపోతే నాలుగు పొడవాటి బోల్టులు విప్పి వెనుక భాగాన్ని పావు చుట్టు తిప్పుకోవచ్చు. రెండు భాగాలూ పూర్తిగా విడివడితే మాత్రం బ్రష్‌లు బయటికి తన్నుకొస్తాయి. వెనుకనున్న సన్నని రంధ్రంలో పేపర్ క్లిప్ దూర్చి వాటిని నొక్కిపట్టి బిగించడం పాతవాళ్ల ఉపాయం.

ఆల్టర్నేటర్ వైపు పాత ప్లగ్గు కొత్త దానికి పట్టదు కనుక ఆ చివర కొత్తది వేయాలి. అసలు తెలివంతా ఇంకో చివర, రెగ్యులేటర్ డబ్బా దగ్గర ఉంది. అక్కడికి వచ్చే నాలుగు వైర్లు చాలా షెవర్లేల్లో నీలం, తెలుపు, ఎరుపు, గోధుమ రంగులవి. చిన్న తీగముక్కలు, అంటే జంపర్లు, రెండు వేసి ఎరుపును నీలంతో, గోధుమను తెలుపుతో కలిపేస్తే చాలు. నీలం వైరు ఆల్టర్నేటర్ 2వ టెర్మినల్‌కు బ్యాటరీ వోల్టేజ్‌ను మోసుకెళ్తుంది, తెలుపు 1వ టెర్మినల్‌కు డ్యాష్‌బోర్డ్ ల్యాంపును కలుపుతుంది. ఈ చివర ఫ్యాక్టరీ వైరింగ్‌లో ఒక్క తీగ కూడా కోయనక్కర్లేదు.

ఆ ఎరుపు వైరు ఎక్కడినుంచి వస్తుందన్నదే నాకు నచ్చే సంగతి. అది హారన్ రిలే దగ్గర, కారు లోడంతా చీలే జంక్షన్ నుంచి వస్తుంది. అంటే రెగ్యులేటర్ వోల్టేజ్‌ను తన దగ్గర కాక, కరెంటు ఖర్చయ్యే చోట కొలుస్తుంది. హెడ్‌లైట్లు వేసినప్పుడు ఆల్టర్నేటర్‌కీ జంక్షన్‌కీ మధ్య వైరులో అర వోల్టు పోయిందనుకోండి. జంక్షన్‌లో 14.2 కావాలంటే ఆల్టర్నేటర్ తన దగ్గర 14.7 పుట్టిస్తుంది. ఇంజనీర్లు 1960ల్లోనే చేసి పెట్టిన ఈ ఏర్పాటును ఆ రెండు జంపర్లు చెడగొట్టకుండా వాడుకుంటాయి. ఈ మార్పిడి విలువంతా ఇక్కడే ఉందని నేను అంటాను.

అందుకే బజారులో దొరికే ఒంటి వైరు ఆల్టర్నేటర్లంటే నాకు గౌరవం తక్కువ. ఒక్క లావు వైరు తగిలించి చేతులు దులుపుకోవచ్చు, నిజమే. కానీ అది తన వీపు దగ్గరి వోల్టేజే చూసుకుంటుంది, లైట్ల దగ్గర ఎంత పడిపోయిందో దానికి పట్టదు. స్టార్ట్ చేశాక ఒకసారి రేస్ చేస్తేగాని మేలుకోదు. హెచ్చరిక ల్యాంపు ఉండదు. ట్రాక్టరుకి సరే, ఇరవై బల్బులున్న కారుకి ఎందుకు?

ల్యాంపు గురించి ఒక జాగ్రత్త. 1వ టెర్మినల్ దారిలో ల్యాంపు గాని, రెసిస్టర్ గాని, డయోడ్ గాని తప్పక ఉండాలి. ఏదీ లేకుండా నేరుగా ఇగ్నిషన్‌కు కలిపితే తాళం తీసినా ఇంజన్ ఆగకపోవచ్చు. ఆల్టర్నేటరే వెనక్కి కరెంటు పంపి ఇగ్నిషన్ కాయిల్‌ను బతికిస్తుంది. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు తీసి చార్జింగ్ పరీక్షించే అలవాటు కూడా ఇక్కడితో మానేయాలి. డైనమో దాన్ని ఓర్చుకునేదేమో గాని, ఆల్టర్నేటర్ డయోడ్లు ఆ ఒక్క క్షణపు వోల్టేజ్ పోటుకే పోవచ్చు.

కారు పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలనే వాళ్ల మాటా కొట్టిపారేయలేం. వాళ్లలో కొందరు పాత డబ్బా లోపలిది తీసేసి, జంపర్లు అందులో దాచి, మూత పెట్టి యథాస్థానంలో బిగిస్తారు. పాత ఆల్టర్నేటర్ ఆరోగ్యంగా ఉంటే మరీ సులువైన దారి ఉంది: అదే ప్లగ్గుకు సరిపోయే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కొని తగిలించడం. పాయింట్ల గొడవ తీరుతుంది, కారు రూపం మారదు. బండి వారానికోసారి మాత్రమే తీసేవాళ్లకు నేను చెప్పేది ఇదే.

ఆంపియర్లు నిజంగా పెంచాలనుకుంటే పని జంపర్లతో తీరదు. 37 ఆంపియర్ల ఆల్టర్నేటర్‌కు వేసిన వైరు మీద 94 ఆంపియర్లది మోపితే, బ్యాటరీ ఖాళీగా ఉన్న రోజున ఆ వైరు కాలుతుంది. ఆల్టర్నేటర్ నుంచి జంక్షన్ దాకా లావు వైరు లాగాలి. దాని రక్షణకు వేసే ఫ్యూజిబుల్ లింక్ వైరు కంటే నాలుగు గేజ్ నంబర్లు సన్నగా, అంటే 10 గేజ్ వైరుకు 14 గేజ్ లింక్ ఉండాలి. చివరగా ఇంజన్ నడుపుతూ, లైట్లు వేసి, మీటరు పట్టుకుని జంక్షన్‌లోనూ బ్యాటరీ మీదా విడివిడిగా వోల్టేజ్ చూడాలి. రెండు చోట్లా 14కి అటూఇటుగా ఉంటే బానెట్ దించేయవచ్చు.