పొరుగు గ్రహమునకు ఎంత దూరము?

2018 డిసెంబరులో విడుదలయిన "అంతరిక్షం 9000 కెఎంపిహెచ్" అను తెలుగు చిత్రమునకు పేరులోనే ఒక వేగము కలదు. సంకల్ప్ రెడ్డి దర్శకత్వమున వచ్చిన ఈ చిత్రము అదుపు తప్పిన కృత్రిమోపగ్రహమును గూర్చిన కథ. వ్యోమయానమును వస్తువుగా గైకొన్న తెలుగు చిత్రములు అరుదు. ఆ సాహసము మెచ్చదగినది. కాని గంటకు 9000 కిలోమీటర్లన్న అంకెకు విద్యార్థి విస్తుపోయినచో, పోల్చి చూచుటకు మరియొక అంకెయు చెప్పవలెను. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రము గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగముతో భూమిని చుట్టుచున్నది.

ఇంతకు మించిన పొరపాటు వార్తాశీర్షికలలో కలదు. 2016లో ప్రాక్సిమా సెంటారి నక్షత్రమునకు ఒక గ్రహము కలదని ప్రకటించినప్పటినుండి "పొరుగు గ్రహము", "రెండవ భూమి" అను మాటలు వినవచ్చుచున్నవి. నక్షత్రముల లెక్కలో అది పొరుగే. ప్రయాణపు లెక్కలో కాదు. దాని దూరము 4.24 కాంతి సంవత్సరములు, అనగా సుమారు 40 లక్షల కోట్ల కిలోమీటర్లు. చిత్రము పేరులోని వేగముతో పోయినచో 5 లక్షల సంవత్సరములు పట్టును.

భద్రాచలమున గోదావరి ఒడ్డున ఒక శనగగింజ నుంచి, అదే సూర్యుడనుకొందము. మీటరు దూరమున, కంటికి ఆనని నలుసు భూమి. 30 మీటర్ల దూరమున నెప్ట్యూను. 1977లో బయలుదేరిన వాయేజరు–1 నౌక ఇప్పటికి సుమారు 170 మీటర్లు పోయినది. ప్రాక్సిమా మాత్రము సూటిగా 268 కిలోమీటర్ల దూరమున, హైదరాబాదు నగరమున నుండును! వాయేజరు అటువైపే పోవునదైనను, చేరుటకు 75 వేల సంవత్సరములు కావలెను.

వేగము పెంచరాదా అని విద్యార్థి అడుగును. మంచి ప్రశ్నయే. కాంతివేగములో అయిదవవంతు వేగముతో 21 సంవత్సరములలో చేరవచ్చును. కాని ఒక్క కిలోగ్రాము వస్తువునకు ఆ వేగము నిచ్చుటకు సుమారు 51 కోట్ల యూనిట్ల శక్తి కావలెను. మణుగూరు వద్దనున్న 1080 మెగావాట్ల భద్రాద్రి విద్యుత్కేంద్రము పూర్తి సామర్థ్యముతో 20 దినములు పనిచేసిననే అంత శక్తి లభించును. మనుష్యులను, వారి ఆహారమును, నీటిని మోయు నౌక బరువు వేల కిలోగ్రాములు. గమ్యమున ఆగవలెనన్న ఆ వేగమంతయు మరల తగ్గింపవలెను.

కనుక "రెండవ భూమి" అను మాట విద్యార్థికి చేయు కీడు చిన్నది కాదు: ఈ భూమి పాడయినను మరియొకటి కలదన్న భ్రమను అది కలిగించును. శాస్త్రజ్ఞులు ఆ గ్రహమును కనుగొన్నది అక్కడికి పోయి కాదు. దాని ఆకర్షణకు నక్షత్రము స్వల్పముగా ఊగుటను నక్షత్రకాంతిలో కొలిచి. ఇట్టి వార్తను తరగతిలో చదివినప్పుడెల్ల ఉపాధ్యాయులు ఒక శనగగింజ తీసి బల్లపై నుంచుట మేలు.