ఫిలిప్పీ పత్రికయందలి ‘అగపడు’ అను క్రియ

విద్వత్సభలకుఁ బేరొందిన గద్వాల, వనపర్తి సంస్థానములలోఁ బూర్వము పండితుఁడు ప్రభువు నెదుట నిలిచినప్పుడు తన గోత్రమును, సూత్రమును, శాఖను, చదివిన శాస్త్రములను, పడసిన బిరుదములను వరుసగాఁ జెప్పుకొనుట వాడుక. ఆ సీమయందే, 20వ శతాబ్ది పూర్వార్ధమున, మెన్నొనైటు బ్రదరెన్ సంఘమువారు నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాలలలోఁ గేంద్రములను బెట్టి తెలుఁగు బైబిలును పల్లెలకుఁ గొనిపోయిరి. 1860లో నాఁటి రష్యా సామ్రాజ్యమునఁ బుట్టి, అమెరికామీఁదుగా మనకు వచ్చిన సంఘమది. జన్మముచేత నెవ్వఁడును గ్రైస్తవుఁడు కానేరఁడనియు, ఎఱిఁగి విశ్వసించినవానికే బాప్తిస్మమనియు వారి సిద్ధాంతము.

ఈ రెండు వాడుకలను బ్రక్కప్రక్కన నుంచుకొని, మాసిదోనియ దేశమందలి ఫిలిప్పీ పట్టణమువారికిఁ బౌలు వ్రాసిన పత్రికలోని మూఁడవ యధ్యాయమును జదువవలసినదని నా మనవి. వనపర్తిలో నొక క్రైస్తవోపాధ్యాయుఁడు ‘విశ్వాస’ శబ్దవ్యుత్పత్తి నడుగఁగా, నేను దానిని మొదటిసారి శ్రద్ధతోఁ జదివితిని.

అందుఁ బౌలు తన ప్రవర చెప్పుకొనును. సున్నతి, ఇశ్రాయేలు వంశము, బెన్యామీను గోత్రము, అచ్చమైన హెబ్రీయత, ఈ నాలుగును జన్మలబ్ధములు. పరిసయ్య సంప్రదాయము, సంఘమును హింసించునంతటి యాసక్తి, ధర్మశాస్త్రదృష్టి ననింద్యత, ఈ మూఁడును స్వయంకృతములు. ఏడింటిని లెక్కించి, వెంటనే యన్నింటిని నష్టపు పద్దున వ్రాసి, తుదకు ‘పెంట’ యనును. అనువాదకులు సంస్కృతపదము చాటున దాఁగక, దిబ్బమీఁది తెలుఁగుమాటనే వేసిరి. మేలు చేసిరి. ‘ధర్మశాస్త్ర’మను పదమును గొందఱు తప్పుపట్టుదురు, మనువు, యాజ్ఞవల్క్యుఁడు స్ఫురింతురని వారి యాక్షేపణ. స్ఫురింపవలయును! లేకున్న నది యూదుల గొడవయని పండితుఁడు తప్పించుకొనిపోవును.

‘నీతి’ శబ్దవిషయమున మాత్రము నాకు సమ్మతి లేదు. ‘ణీఞ్’ ధాతువునకుఁ బ్రాపణ మర్థము. క్తిన్ప్రత్యయాంతమైన నీతి నడిపించు తీరు. భర్తృహరియు, సుమతిశతకకర్తయు మన చెవులకు మప్పినది నడవడినే. పౌలు చెప్పునది నడవడి కాదు. న్యాయస్థానమున దోషి కాఁడని దేవుఁ డిచ్చు స్థితి. నీతి యనఁగానే చదువరి మరల మంచిపనుల లెక్కకుఁ దిరుగును. ‘అనుగ్రహించు’ నను మాట చేర్చి యనువాదకు లీ కొఱఁతను గొంత తీర్చిరి.

క్రీస్తువిషయమున ‘సంపాదించుకొను’ అనుటయు నట్టిదే. గ్రీకుమూలమున నది వర్తకుల లాభపదమే గాన వారి తప్పు లేదు. కాని తెలుఁగున ‘కొను’ చేరినపుడు ఫలము కర్తకే చెందును. ఏడు బిరుదములను బాఱవేసి యెనిమిదవదాని నార్జించినట్లు తోఁచును. ఆ వెంట వచ్చు ‘అగపడు’ దీనిని దిద్దుచున్నది. మూలమున నది కర్మణిప్రయోగము: కనుఁగొనువాఁడు వేఱొకఁడు, పౌలు కనుఁగొనఁబడువాఁడు. పాణిని స్వాతంత్ర్యమునే కర్తకు లక్షణముగాఁ జెప్పెను. ఇచ్చట నంతటి కర్తయుఁ గర్మస్థానమునకు దిగి, క్రీస్తు నధికరణముగాఁ జేసికొని నిలిచినాఁడు. ‘ప్రభువునందు’ ఆనందింపుఁడని యతఁడు బంధకములలో నుండి వ్రాయఁగలుగుట యీ యధికరణబలముననే. బిరుదములందలి యానందమైనచోఁ జెఱసాల వాకిటనే యూడిపోయెడిది.

ఉపాధ్యాయునకు నే నిచ్చిన వ్యుత్పత్తి యిది: ‘శ్వస’ ధాతువు ప్రాణనార్థకము; ‘వి’ పూర్వకమై శంక వీడి యూపిరి తీయుటను దెలుపును. వాదసభలో నిలిచిన ప్రతివాఁడును ఊపిరి బిగఁబట్టుట యెఱుఁగును. నేనును ముప్పదియేండ్లు బిగఁబట్టితిని.

అతఁడు విని యొక ప్రశ్న వేసెను. పాలమూరు పల్లెలలోఁ దొలుత విశ్వసించినవారిలో నధికులు మాల మాదిగలు. పౌలువలె విడిచిపెట్టుటకు వారికి బిరుదము లెక్కడివి? ఈ యధ్యాయము వారి కేమి చెప్పును?

వెంటనే బదులు చెప్పలేకపోతిని. పౌలు త్యాగమునే పెద్దగా నెంచి, యీ క్రియను దాఁటిపోయినవారిలో నేను నొకఁడను. ఏడింటి పట్టిక వారిది కాదు, మనది. వారిది ‘అగపడు’. ఊరి వెలుపల నుంచఁబడి, వీథిలో నడచినను లేనివానిగాఁ జూడఁబడినవానికి, ఒకని కంటికి అగపడుట యననేమో వైయాకరణుఁడు చెప్పనక్కఱలేదు. ‘నీతి’కి బదులు వేఱుపదము వెదకు ననువాదకు లుండినచో, ‘అగపడు’ను మాత్రము కదల్పవలదని ప్రార్థించుచున్నాను.