కనబడని పొరలు

తమిళనాడులోని ధర్మపురి వంటి జిల్లా కేంద్రంలోని ప్రయోగశాలల్లో మల పరీక్ష అన్నిటికంటే చవకైనది, అన్నిటికంటే తక్కువ గౌరవం పొందేది కూడా. స్లైడు మీద ఒక చుక్క సెలైన్, పక్కనే ఒక చుక్క అయోడిన్ వేసి, రెండింటిలో కొద్దిగా మలం కలిపి, కవర్‌స్లిప్ కప్పి, సూక్ష్మదర్శిని కింద దుక్కి చాళ్ల మాదిరి వరుస తప్పకుండా వెతకడం దాని పద్ధతి. జియార్డియా అనే ఏకకణ పరాన్నజీవి సిస్టులు, అంటే గట్టి గోడ కట్టుకొని దేహం వెలుపల బతకగల దాని రూపాలు, రోజూ మలంలో పడవు గనుక వేర్వేరు రోజుల్లో మూడు నమూనాలు చూడటం మేలు. ఏమీ దొరకనప్పుడు నివేదికలో ‘లేవు’ అని కాక ‘కనబడలేదు’ అని రాయడం ఆ వృత్తిలోని వివేకం.

జీవుల వర్గీకరణలో ఈ జాగ్రత్త కొంతకాలం లోపించిందనే చెప్పాలి. జియార్డియాకు రెండు కేంద్రకాలు, ఎనిమిది కశాభాలు ఉన్నా, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా గానీ, ప్రోటీన్లను సవరించి గమ్యానికి పంపే గాల్జీ సంచుల దొంతర గానీ కనబడలేదు. అందువల్ల 1983లో జీవశాస్త్రవేత్త థామస్ కావలియర్-స్మిత్ ఇటువంటి జీవులను మైటోకాండ్రియా ఏనాడూ లేని ఆదిమ వర్గంగా ప్రతిపాదించాడు. అయితే 1999లో ఎంటమీబా అనే మరో ఏకకణ పరాన్నజీవిలో, 2003లో జియార్డియాలో మైటోసోములు బయటపడ్డాయి. జంట పొరలున్న ఈ సూక్ష్మ భాగాలు మైటోకాండ్రియా కుంచించుకుపోగా మిగిలినవి, శక్తిని ఉత్పత్తి చేయకపోయినా జియార్డియాలో ఇనుము-గంధక సముదాయాలను కూర్చే పనిలో పాలుపంచుకుంటాయి. ఆదిమమనుకున్నది నిజానికి పరాన్నజీవనంలో అక్కరలేనివి వదులుకున్న జీవి.

గాల్జీ సంగతి మరింత విచిత్రమైనది. పేగులో ఈదుతున్నంత కాలం జియార్డియాలో ఆ దొంతర ఉండదు. సిస్టుగా మారే వేళ మాత్రం ప్రోటీన్లు తయారయ్యే అంతర్జీవద్రవ్య జాలం నుంచి ప్రత్యేకమైన పొరసంచులు పుట్టి, గోడకు కావలసిన ప్రోటీన్లను కొన్ని గంటలపాటు తమలో ఉంచుకొని పరిపక్వం చేసి, కణం అంచుకు చేర్చి ఖాళీ అవుతాయి. అవసరమున్నప్పుడే తలెత్తే ఈ ఏర్పాటును వెనుకబాటుతనం అనడం కంటే పొదుపు అనడమే న్యాయం.

ఆ సంచులు కట్టిన గోడ వల్లనే సిస్టు చల్లని నీటిలో వారాల తరబడి బతుకుతుంది, నీటిలో కలిపే మామూలు మోతాదు క్లోరిన్‌ను చాలావరకు తట్టుకుంటుంది. కాబట్టి నదీజలాలకు వడపోత తప్పదు. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల కోసం 2013లో ప్రారంభమైన హొగేనక్కల్ తాగునీటి పథకం అలాంటి నదీజలమైన కావేరి నీటిని తెచ్చింది ప్రధానంగా భూగర్భజలాల్లోని ఫ్లోరైడ్ బాధ తప్పించడానికి. ఈ రెండు బెడదలకూ ఇంట్లో ఒకే మందు పనికిరాదు: నీటిని మరిగిస్తే సిస్టు చస్తుంది గానీ ఫ్లోరైడ్ పోదు, పైగా నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత పెరుగుతుంది.