రంగును మోసుకెళ్లే కుంచె

పెన్సిల్‌తో షేడింగ్ వేసి దాన్ని వేలితో రుద్దని పిల్లలు అరుదు. గీతలన్నీ కలిసిపోయి నున్నటి నీడ వస్తుంది. ఒకసారి ఆ రుచి తగిలాక ఆగరు, బొమ్మంతా రుద్దేస్తారు. డిజిటల్ పెయింటింగ్ సాఫ్ట్‌వేర్లలో స్మడ్జ్ టూల్‌కు గుర్తుగా ఇప్పటికీ చాలాచోట్ల చాచిన వేలే కనిపిస్తుంది. అందువల్లనేమో అది రంగులు పులమడానికే పనికొచ్చేదన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. ఆ వేలి వెనకున్న పనితనం అంతకన్నా చాలా సూక్ష్మమైనది. మామూలు బ్రష్ తన దగ్గరున్న రంగు ఇచ్చేసి ముందుకు పోతుంది. స్మడ్జ్ బ్రష్ తాను దాటి వచ్చిన చోటును గుర్తుపెట్టుకుంటుంది. ఆ గుర్తును తర్వాతి చోట కొంత దింపుతుంది, పోనుపోను మరిచిపోతుంది. ఎంత గుర్తుంచుకోవాలి, ఎంత త్వరగా మరవాలి అన్నది కుదిరిన బ్రషే మంచి బ్లెండింగ్ బ్రష్.

దీన్ని దగ్గరగా గమనించడానికి క్రిటా అనే పెయింటింగ్ సాఫ్ట్‌వేర్ చాలా అనువైనది. ఉచితంగా దొరుకుతుంది, కోడ్‌ను ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. అందులో 'కలర్ స్మడ్జ్' పేరుతో ఒక బ్రష్ ఇంజిన్ ఉంది. మనం స్టైలస్‌ను ఒక్క ఊపులో లాగుతాం కానీ, సాఫ్ట్‌వేర్‌కు అది ఒకే గీత కాదు. ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ వరసగా పడే ముద్రలు. కొత్త ముద్ర వేసే ముందు, కిందటి ముద్ర పడిన చోట ఏ రంగులున్నాయో ఇంజిన్ తీసుకుంటుంది. వాటిని కొత్త చోట కొంత పలచగా పరుస్తుంది. ఆ పలచన ఎంతన్నది 'స్మడ్జ్ లెంగ్త్' అనే మీట చేతిలో ఉంటుంది.

ఈ మీటతో మొదట అందరూ తికమకపడతారు. సగానికి పెట్టినా ముప్పాతికకు పెట్టినా పెద్ద తేడా కనిపించదు. చివరి కొద్ది అంకెల్లోకి రాగానే బ్రష్ స్వభావమే మారిపోతుంది. లెక్క వేస్తే కారణం తెలుస్తుంది. బ్రష్ వెడల్పులో పదో వంతుకు ఒక ముద్ర పడుతోందనుకుందాం. బ్రష్ తన వెడల్పు మేర జరిగేసరికి పది ముద్రలు పడతాయి. ముద్రముద్రకూ సగం రంగే ముందుకు పోతే, పదో ముద్రలో మొదటి రంగు వెయ్యో వంతు కూడా మిగలదు. 90 శాతం పోతే దాదాపు 35 శాతం మిగులుతుంది. 99 శాతమైతే 90 శాతం పైనే మిగులుతుంది. అంటే ఆ మీట మీద అసలు ఆట అంతా 85కూ 100కూ మధ్యనే. ముద్రల మధ్య ఎడం తగ్గిస్తే ఇదే లెక్క మళ్లీ మారుతుంది. అదే 90 శాతానికి ఇరవై ముద్రలు పడితే మిగిలేది 12 శాతమే. ఒక్కో సాఫ్ట్‌వేర్ దీన్ని తన పద్ధతిలో సర్దుకుంటుంది గానీ మూలసూత్రం ఇదే. స్టైలస్ ఒత్తిడిని ఈ మీటకు కలిపినప్పుడు, నొక్కే కొద్దీ జ్ఞాపకం పెరిగే బ్రష్ చేతికొస్తుంది. కొన్ని పెన్నులు ఒత్తిడిని 8,192 స్థాయిల్లో గుర్తిస్తాయి. ఆ స్థాయిల్లో ఎక్కువ భాగం మీట చివరి కొసకు అందేలా ఒత్తిడి వంపును మలిచిన బ్రష్ పట్టుకుంటే, దాన్ని చేసినవాళ్ల ఓపిక చేతికి తెలుస్తుంది.

రంగును మోయడానికి క్రిటా రెండు దారులు ఇస్తుంది. 'స్మియరింగ్'లో కిందటి చోటు బొమ్మ ఉన్నదున్నట్టు ముందుకు సాగుతుంది. అక్కడ గీతలుంటే గీతలే సాగుతాయి. వెంట్రుకలకు, గడ్డికి, బొచ్చుకు అదే కావాలి. 'డల్లింగ్'లో ముద్ర కింద ఉన్న రంగును మాత్రం పట్టుకుని, ఆ ఒక్క రంగునే పరుస్తుంది. వివరం పోయి వర్ణం మిగులుతుంది. చెంప మీద వెలుగు నీడలోకి తిరిగే చోట నేను డల్లింగ్ వైపే మొగ్గుతాను. స్మియరింగ్ అక్కడ చర్మాన్ని పట్టుకుని లాగినట్టు చారలు తెస్తుంది. 'కలర్ రేట్' అనే మరో మీట, బ్రష్ మోసుకొచ్చిన రంగుకు మనం ఎంచుకున్న రంగును ఎంత కలపాలో చెబుతుంది. అది సున్నా అయితే బ్రష్ కేవలం వేలు. కాస్త పెంచితే పెయింట్ అంటుకున్న కుంచె. ఇదే ఆలోచనను 2010లో ఫోటోషాప్ సీఎస్5 మిక్సర్ బ్రష్ మరో రకంగా చేసి చూపింది. అందులో రంగుకు రెండు గిన్నెలున్నట్టు లెక్క. కాన్వాస్ మీదకు దిగాల్సిన రంగు ఒకదానిలో, కాన్వాస్ మీంచి తీసుకున్న రంగు రెండోదానిలో. శుభ్రమైన రంగును మురికి చేసేదేమిటో చిత్రకారులకు తెలుసు కాబట్టి, ఆ రెంటినీ విడిగా ఉంచాలన్న ఊహ నాకు చాలా నచ్చుతుంది. 2021 డిసెంబర్‌లో వచ్చిన క్రిటా 5.0లో స్మడ్జ్ ఇంజిన్‌ను బాగా మార్చారు. పెయింట్ మందం కూడా కుంచె వెంట సాగేలా చేశారు. ఆయిల్ పెయింట్ గట్లు తెలిసిన కంటికి ఆ బ్రష్‌లు పెద్ద కానుక.

ఇక రంగు మాట. పసుపునూ నీలాన్నీ కలిపితే ఆకుపచ్చ వస్తుందని బడిలో వాటర్ కలర్స్ పట్టుకున్న ఎవరికైనా తెలుసు. తెరమీది పసుపు అంటే ఎరుపు 255, పచ్చ 255, నీలం 0. నీలం అంటే 0, 0, 255. రెంటికీ సగటు తీస్తే మూడూ 128 దగ్గర ఆగుతాయి. అది అచ్చమైన బూడిద రంగు. చాలా స్మడ్జ్ బ్రష్‌ల కింద చర్మం మట్టి కొట్టుకుపోయినట్టు కనిపించడానికి ఈ సగటే ముఖ్య కారణం. చేయి బాగోలేదని నేర్చుకునేవాళ్లు తమను తాము తిట్టుకుంటారు గానీ తప్పు చేతిది కాదు. పెయింట్ పొరలో కాంతి ఎంత ఇంకిపోతుందో, ఎంత చెదురుతుందో లెక్కగట్టే సూత్రాన్ని కుబెల్కా, మంక్ అనే ఇద్దరు 1931లోనే ప్రచురించారు. దాన్ని మామూలు తెర రంగుల మీద క్షణాల్లో నడిచేలా మలచినవారు షార్కా సొఖొరోవా, ఒండ్రే యమ్రిష్కా. 2021లో వచ్చిన ఆ పద్ధతి పేరు మిక్స్‌బాక్స్. రెబెల్ సాఫ్ట్‌వేర్ ప్రో వెర్షన్ దాన్ని వాడుకుంది. అందులో పసుపు మీద నీలాన్ని లాగితే మధ్యలో ఆకుపచ్చ పుడుతుంది. తొంభై ఏళ్ల నాటి భౌతికశాస్త్రం కుంచె కొసకు చేరింది.

పైకి కనిపించని పని ఇంకా ఉంది. ఖాళీ లేయర్ మీద వేసిన ఆకారం అంచును స్మడ్జ్ చేసినప్పుడు, బ్రష్ రంగుతో పాటు పారదర్శకతనూ ఎత్తుకుంటుంది. ఖాళీ పిక్సెల్ లోపల నలుపు దాగి ఉండి, సాఫ్ట్‌వేర్ ఆలోచించకుండా సగటు తీస్తే, అంచు చుట్టూ మసి పట్టినట్టు గీత వస్తుంది. రంగును దాని సాంద్రతతో ముందే గుణించి ఉంచుకుంటే ఆ బాధ తప్పుతుంది. థామస్ పోర్టర్, టామ్ డఫ్ 1984లో రాసిన పత్రం నుంచి గ్రాఫిక్స్ లోకం ఈ పద్ధతి మీదే ఎక్కువగా నిలబడింది. ఫైల్ లోతు కూడా ముఖ్యమే. 8-బిట్ ఫైల్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే. రెండు రంగుల మధ్య తేడా 40 మెట్లయితే, అందులో నూటికో వంతు అర మెట్టుకు కూడా చాలదు. దాన్ని దించే చోటు లేక సున్నా అయిపోతుంది. ఎంత మెత్తగా రుద్దినా మరకలు మొండిగా నిలిచిపోయేది అందుకే. 16-బిట్‌లో 65,536 మెట్లుంటాయి. పలచటి బ్లెండింగ్ ఎక్కువగా చేసేవాళ్లు మొదటే అది ఎంచుకోవడం మంచిది.

చేతి సంగతికి వస్తే, అన్ని అంచులూ ఒకే మెత్తదనంతో కలిపిన ముఖం ప్లాస్టిక్ బొమ్మలా తేలిపోతుంది. ముక్కు కింద పడే నీడ, ముక్కుకు దగ్గరగా పదునుగా మొదలై దూరం వెళ్లేకొద్దీ మెత్తబడుతుంది. చెంప అలా కాదు, ఆ మలుపు నిదానంగా నీడలోకి జారుతుంది. నుదురు జుట్టును కలిసే చోట కొన్ని వెంట్రుకలు మాత్రం స్పష్టంగా ఉండి, మిగతావి చర్మంలోకి కలిసిపోవాలి. తెలిసిన చిత్రకారులు వెలుగు నీడల సరిహద్దును అడ్డంగా రుద్దరు. ఆ సరిహద్దు వెంబడే, ఆకారం తిరిగిన దిక్కున, చిన్న చిన్న విసుర్లతో పోతారు. ప్రొక్రియేట్ యాప్‌లో రంగు వేసే బ్రష్‌లన్నీ స్మడ్జ్‌కూ అందుతాయి. కాబట్టి గరుకైన బొగ్గు బ్రష్‌తోనే రుద్దవచ్చు. కలిసిన చోట కూడా కాగితపు గరుకు నిలుస్తుంది. మెత్తటి గుండ్రటి బ్రష్‌తో ఆ బతుకుదనం రాదని నా గట్టి నమ్మకం.

రుద్దకుండా కలిపేవాళ్లు కూడా ఉన్నారు. రెండు రంగులు తాకే చోట ఐడ్రాపర్‌తో నడిమి రంగు ఎత్తుకుని, పలచగా వేసి, మళ్లీ దాని నడిమి రంగు ఎత్తుకుంటూ పోతారు. లియొనార్డో డా విన్సీ గీసిన ముఖాల్లో పొగలాంటి నీడలను 2010లో ఎక్స్-రే పద్ధతులతో పరీక్షిస్తే, ఒకటి రెండు మైక్రోమీటర్ల మందపు పొరలు ఒకదాని మీద ఒకటి వేసినట్టు తేలింది. అన్నీ కలిపినా మందం ముప్పై నలభై మైక్రోమీటర్లే. ఆ ఓపికకు దగ్గరగా వచ్చేది ఈ ఐడ్రాపర్ పద్ధతే అయినా, స్మడ్జ్‌ను అది పక్కకు నెట్టదు. నడిమి రంగులు చేత్తో వేసి, మిగిలిన చిన్న మెట్లను మాత్రం స్మడ్జ్‌కు వదిలితే రెండూ ఒకదానికొకటి సాయపడతాయి.

ఆ చివరి రుద్దుడు వేరే ఖాళీ లేయర్ మీద చేస్తే ఇంకా హాయి. ఫోటోషాప్‌లో అన్ని లేయర్ల నుంచీ రంగు తీసుకోమనే ఆప్షన్, క్రిటాలో ఓవర్‌లే మోడ్ అందుకే ఉన్నాయి. కింది లేయర్ తాకకుండా మిగులుతుంది. కలిపింది ఎక్కువైన చోట పై లేయర్‌ను ఎరేజర్‌తో తీసేసి, ముక్కు కింది ఆ పదునైన నీడను తిరిగి తెచ్చుకోవచ్చు.