కల్వంలో శివుడు

నారాయణఖేడ్‌కు హైదరాబాదు కంటే బీదరే దగ్గర. ఒకే బజారులో తెలుగు, కన్నడం, మరాఠీ వినబడతాయి. మెడలో లింగం ధరించే కుటుంబాలు ఈ ప్రాంతానికి కొత్త కాదు. అందుకేనేమో, వీరశైవుడైన కొట్టూరు బసవరాజు ‘బసవరాజీయం’ ఇక్కడ చదువుతుంటే ఇంటి పుస్తకంలాగే ఉంటుంది. సంస్కృత శ్లోకాల పక్కనే తెలుగులోనూ చెబుతూ, నాడి పట్టడంతో మొదలుపెట్టి 25 ప్రకరణాలు నడిపాడాయన. చెట్టు మందులతో పాటు పాదరసం, గంధకం, భస్మాలూ ధారాళంగా వాడాడు.

పాదరసంతో మందులు చేసే రసవైద్యుల లోకమే వేరు. పాదరసం శివుడి వీర్యం, గంధకం పార్వతి రజస్సు. రాగి పేరు రవి, వెండి పేరు చంద్రుడు. ‘రసరత్నసముచ్చయం’ అయితే రసశాలలో రసలింగాన్ని పెట్టి పూజించమంటుంది. దీనికి నవ్వొస్తే, 1527లో బాసెల్‌లో వైద్యం బోధించిన పారసెల్సస్‌ను చూడండి. గ్రహాలూ రసవాదమూ వైద్యానికి స్తంభాలన్న ఆ మనిషే, ఏ పదార్థమైనా విషమయ్యేది మోతాదును బట్టేనని తేల్చాడు.

నన్ను కట్టిపడేసేది పూజ కాదు, నూరుడు. శుద్ధి చేసిన పాదరసం, గంధకం కల్వంలో వేసి నూరగా నూరగా తళుకు చచ్చి, కాటుకలాంటి నల్లటి పొడి మిగులుతుంది. అదే కజ్జలి. ఎండలో చూస్తే ఎక్కడా మెరవకూడదు. భస్మమైతే వేలి గీతల్లో దిగాలి, నీళ్ల మీద తేలాలి. ఈ పరీక్షల్లో నక్షత్రం ఊసే లేదు. దేవుడి పని అనుకున్నారు కాబట్టే చెయ్యి నొప్పెట్టినా నూరడం ఆపలేదేమో. ఆ ఓపిక మటుకు భక్తి పుణ్యమే.

అయితే నీళ్ల మీద తేలినంత మాత్రాన ఒంటికి మంచిదని కాదు. బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్లో పద్నాలుగింటిలో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో ఉన్నట్టు 2004లో ఒక అధ్యయనం చూపింది. మూత్రపిండాలకు పాదరసం శివుడని తెలియదు కదా!

1940 నాటి ఔషధ చట్టం మొదటి షెడ్యూలులో ‘బసవరాజీయం’ నేటికీ ఉంది. విషపదార్థాలు కలిసిన మందుల డబ్బాపై వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఉండాలన్నదీ నిబంధనే. సంతలోనో జాతరలోనో పేరులేని పొట్లంలో భస్మం కట్టి చేతిలో పెడితే, ఎంత మంచి ముహూర్తం చెప్పినా పుచ్చుకోకండి.