సాలెగూళ్ల కింద గూజ్

బ్రస్సెల్స్ మీడీ స్టేషన్‌లో దిగి ఓ పది నిమిషాలు నడిస్తే ఆండర్లెక్ట్‌లో ఒక మామూలు వీధి, పాత గోదాములా కనిపించే ఒక గుమ్మం. బోర్డు చదవకపోతే ముందుకు వెళ్లిపోతాం. నేను వెళ్లిపోయి, మళ్లీ వెనక్కి వచ్చాను. కాంటియోన్ బ్రూవరీ అదే. లోపల అడుగు పెట్టగానే ముక్కుకు తగిలిన వాసన నన్ను తిన్నగా మా అమ్మమ్మ వంటింటి మూలకు తీసుకెళ్లింది. తరవాణి కుండ! పులుపు, తడి చెక్క, కాస్త బూజు, ఎక్కడో దూరాన ఎడ్ల కొట్టం. బీరు తయారీ అంటే తళతళలాడే స్టీలు ట్యాంకులు ఊహించుకుని వచ్చినవాళ్లు ఇక్కడ కంగారుపడతారు. పడాలి కూడా.

ఇక్కడ కాచేది లాంబిక్. మామూలు బీరులో ఈస్టును కొలిచి కలుపుతారు, మనం పాలకు తోడు వేసినట్టు. లాంబిక్‌కు ఆ తోడు లేదు. తాటిచెట్టుకు కట్టిన లొట్టిలో కల్లు ఎవరు పొంగిస్తే పొంగుతోంది? ఇదీ సరిగ్గా అంతే. చిత్రకారుడు బ్రూగెల్ బొమ్మల్లో రైతులు కూజాలెత్తి తాగేది ఇదేనని బ్రస్సెల్స్ వాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఔనో కాదో పండితులు తేల్చుకుంటారు. ఈ బ్రూవరీ మాత్రం 1900లో పాల్ కాంటియోన్ పెట్టినది. మొదట్లో ఇతరులు కాచిన లాంబిక్ కొని, కలిపి అమ్మేవారు. సొంతంగా కాచడం 1930ల చివర్లో మొదలైంది. చరిత్ర ఇంత చాలు.

మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ 65 పాళ్లు, మొలకెత్తించని పచ్చి గోధుమలు 35 పాళ్లు. మర పట్టి వేడినీళ్లలో కలిపి, విడతలు విడతలుగా వేడి పెంచుతారు. గోధుమల్లోని గంజి అంతా చక్కెరగా మారిపోకూడదు, కొంత మిగలాలి. వేరేచోట అయితే అది పనివాడి తప్పు, ఇక్కడ అదే పెట్టుబడి. పీపాలో మూడేళ్లు బతకాల్సిన సూక్ష్మజీవులకు మేత ఉండాలి మరి. హాప్స్ పూలు కూడా తాజావి వాడరు. రెండు మూడేళ్లు నిల్వ ఉంచినవి వేస్తారు. చేదు చచ్చిపోయి, చెడకుండా కాపాడే గుణం మాత్రం మిగులుతుంది. ఈ కషాయం గంటల తరబడి మరిగి, సుమారు 10,000 లీటర్లు కాస్తా 7,500కు ఇంకుతుంది.

అసలు గది పైకప్పు కిందుంది. మెట్లెక్కితే అక్కడ రాగి తొట్టి. గదంతా తనే అన్నంత వెడల్పు, లోతు మాత్రం కొంచెమే. మరిగిన కషాయాన్ని అందులోకి వదిలి, రాత్రంతా చలిగాలికి అప్పగిస్తారు. తెల్లారేసరికి అది చల్లబడి ఉంటుంది, గాలిలోంచి దిగాల్సినవాళ్లు దిగి ఉంటారు. పాతకాలపు లాంబిక్ వాళ్లు పైకప్పు బాగుచేయించాల్సి వస్తే పాత పెంకుల్ని పారేయనిచ్చేవారు కాదట, అక్కడ కాపురమున్న ఈస్టు ఊరు విడిచిపోతుందని. ఈ పని అక్టోబరు చివరి నుంచి ఏప్రిల్ మొదటి దాకానే. వేసవి గాలిలో పిలవని బాక్టీరియా ఎక్కువ.

అక్కడి నుంచి ఓక్, చెస్ట్‌నట్ చెక్కల పీపాలలోకి. ఒకప్పుడు వైన్ మోసిన పీపాలు. మొదటి రోజుల్లో పీపా నోట్లోంచి నురగ కక్కుకుంటుంది. అది శాంతించాకే మూత. నెలలు గడిచాక ఈ ఊరి పేరే పెట్టుకున్న ఈస్టు, బ్రెట్టనోమైసిస్ బ్రక్సెలెన్సిస్, నింపాదిగా పని అందుకుంటుంది. వైన్ చేసేవాళ్లు దాని పేరెత్తితే ఉలిక్కిపడతారు. ఇక్కడ అది ఇంటి పెద్ద. పీపాల మధ్య సాలెగూళ్లు దులపరు, ఎందుకంటే పళ్ల ఈగల్ని పట్టేది ఆ సాలెపురుగులే. నాతో వచ్చిన మిత్రుడు చీపురు కోసం వెతుకుతున్నట్టు చూస్తుంటే, "ఒరేయ్, వాటికి జీతం ఇవ్వాలిరా ఇక్కడ" అన్నాను.

ఇంతవరకూ ఓపిక. విద్య అంతా ఇక మీదట. ఏడాది, రెండేళ్లు, మూడేళ్లు వయసున్న లాంబిక్కుల్ని కలిపి సీసాలో పడితే అది గూజ్. లేతదానిలో చక్కెర ఉంటుంది, ముదురుదానిలో రుచి ఉంటుంది. ఒకే రోజు, ఒకే తొట్టిలోంచి నింపిన రెండు పక్కపక్క పీపాలు కూడా ఒకలా పండవు. లేతది ఎక్కువైతే సీసా పగులుతుంది, తక్కువైతే చప్పగా పడుంటుంది. ఈ లెక్క తేల్చేది నాలుక. ఆవకాయలో ఉప్పు చేత్తో వేసే ఇల్లాలిని కొలత అడిగి చూడండి, ఏం చెబుతుంది! కలిపినదాన్ని కార్క్ బిగించి నేలమాళిగలో పడుకోబెడతారు. లాంబిక్‌కు లేని బుడగ ఆ సీసాలోనే పుడుతుంది, ఎవరూ గ్యాసు ఎక్కించరు. కాంటియోన్ ఇంటి అల్లుడు జాన్ పియేర్ వాన్ రోయ్, ఆయన తర్వాత కొడుకు జాన్, ఈ నాలుకను వారసత్వంగా నిలబెట్టారు. పుల్లటి బీరు ఎవరికీ పట్టని రోజుల్లో, తాళం వేసేయాల్సిన బ్రూవరీని 1978లో నడుస్తున్న మ్యూజియంగా తెరిచాడు జాన్ పియేర్. నా లెక్కలో అది గూజ్ చేయడం కంటే గొప్ప పని.

పళ్లు వేసి చేసే లాంబిక్కుల సంగతి ఒక్క మాట. క్రీక్‌లో పుల్ల చెర్రీలు, రోజే ద గాంబ్రినస్‌లో రాస్ప్‌బెర్రీలు. ఎసెన్సు కాదు, లీటరుకు ఇన్ని గ్రాములని నిజమైన పళ్లు పోస్తారు.

ఇదే విద్యలో ఇంకో మహానుభావుడు, బెర్సెల్ ఊళ్లోని త్రీ ఫాంటైనెన్ అధిపతి ఆర్మాండ్ డెబెల్డర్. 2009లో గోదాములో థర్మోస్టాట్ చెడి, పేర్చిన వేలాది సీసాలు ఉడికిపోయాయి. కొన్ని పేలిపోయాయి. మిగిలిన దాన్ని మోరీలో పోయకుండా బట్టీ పట్టించి, 'ఆర్మాండ్స్ స్పిరిట్' అని పేరు పెట్టి అమ్మి మళ్లీ లేచాడు. 2022లో పోయాడు. అలాంటివాళ్లకు విగ్రహాలుండవు.

ఇప్పుడు కోపం. కొంచెం లాంబిక్‌లో చక్కెర, కృత్రిమ తీపి కలిపి, వేడిచేసి ఈస్టును చంపి, గ్యాసు నింపి, పైన 'గూజ్' అని అచ్చువేసి అమ్మే సరుకుతో సూపర్ మార్కెట్లు నిండిపోయాయి. అది తాగి "గూజ్ అంటే సోడా లాంటిదే" అనేవాళ్లను నేను కలిశాను. తప్పు వాళ్లది కాదు. మనకిది కొత్తా? క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్ కలిపిన నురగనీళ్లకు మన దగ్గర కల్లు అనే పేరు చెల్లడం లేదూ? చెట్టెక్కి గీసినవాడి కష్టాన్ని ఆ పొడి పొట్లం మింగేసినట్టే, ఇక్కడ మూడేళ్ల కాపలాను చక్కెర మూట మింగుతోంది. యూరోపియన్ యూనియన్ 1997లో 'ఔడె గూజ్', అంటే పాత గూజ్, అనే పేరుకు రక్షణ కల్పించింది. ఆ ఒక్క 'ఔడె' అన్న మాట గుర్తుపెట్టుకోండి. సీసా మీద అదో, 'నూటికి నూరు పాళ్లు లాంబిక్' అన్న మాటో లేకపోతే కొనకండి, ఎవరైనా పోసినా తాగకండి.

చక్కెరను తిట్టవచ్చు, ఎండను ఏం చేయగలం? 2015 నవంబరులో రాత్రులు చల్లబడక కాంటియోన్‌లో కాపు ఆపాల్సి వచ్చింది. కాచే రోజులు తరిగిపోతున్నాయని జాన్ వాన్ రోయ్ బాధ. యంత్రంతో చల్లార్చవచ్చు కదా అనేవాళ్లున్నారు. అది వేరే బీరు.

చూడటానికి వెళ్లేవాళ్లు పాత చెప్పులు వేసుకోండి, నేల తడి. చేతికో కాగితం ఇస్తారు, అది చదువుకుంటూ మీ అంతట మీరే తిరగొచ్చు. చివర్లో గ్లాసు అందుతుంది. మొదటి గుక్కకు మొహం చిట్లుతుంది, చింతకాయ కొరికినట్టు. తొందరపడి తీర్పు ఇవ్వకండి. నేను రెండు సీసాలు కొని స్వెట్టర్లలో చుట్టి తెచ్చుకున్నాను. ఒకటి వచ్చిన వారానికే అయిపోయింది. రెండోది చల్లటి చీకట్లో పెడితే ఇరవై ఏళ్లు ఉంటుందట. హైదరాబాద్ మే నెలలో అలాంటి చోటు ఎక్కడుందో ఇంకా వెతుకుతున్నాను.